మాయాచిత్రశిల్పి జార్జి మెలియేస్

పూర్వకవి చెప్పినదానిని తరువాతి కవి గ్రహించవచ్చునా, గ్రహిస్తే ఎంతమేరకు గ్రహించవచ్చు అన్న ప్రశ్న మన ఆలంకారికులకు కొత్తది కాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి ఉద్ద్యోతంలో కవుల రచనల మధ్య కనిపించే పోలికను మూడు తెరగులుగా విభజించాడు. అద్దంలోని ప్రతిబింబం వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుష్యుల వంటిది మూడవది. ప్రతిబింబానికి తనదైన ప్రాణం లేదు కనుక అది త్యాజ్యం. చిత్తరువులోని ప్రాణం అల్పమైనది కనుక అదీ విడువదగినదే. మూడవదానిలో రూపం పోలినా ప్రాణం వేరు కనుక దానిని కవి నిస్సంకోచంగా స్వీకరించవచ్చునని ఆయన తీర్పు. తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ హరణ విచారాన్ని మరింత విస్తరించాడు.

ఈ విచారణ నేడు పండితుల ఇంటి అరుగులు దాటి ప్రతి విద్యార్థి అరచేతిలోకి వచ్చింది. చేతనున్న ఫోనుతో పాట రికార్డు చేసేవారు, చిన్న చిత్రం తీసేవారు, పాఠాన్ని దృశ్యరూపంలో చెప్పే ఉపాధ్యాయులు ఊరూరా ఉన్నారు. పరుల పాటలో ఎంత భాగం వాడుకోవచ్చు, తాను తీసిన చిత్రాన్ని మరొకరు తమ పేరుతో చలామణి చేస్తే ఏమి చేయాలి అన్న సందేహాలు వారికి నిత్యం కలుగుతున్నాయి. ఈ రెండు సందేహాలను చలనచిత్రం పుట్టిన తొలినాళ్ళలోనే ఒక మనిషి తన జీవితమంతా అనుభవించాడు. ఆయన పరుల కల్పనలనుంచి ధారాళంగా గ్రహించాడు; పరులు ఆయన కల్పనను యథాతథంగా అపహరించారు. ఈ రెంటికీ గల తేడా తెలుసుకొనడానికి ఆయన చరిత్రకంటె మంచి పాఠం దొరకదు. ఆయన ఫ్రెంచి దేశీయుడు జార్జి మెలియేస్.

మెలియేస్ 1861 డిసెంబరు 8 వ తేదీన పారిసు నగరంలో జన్మించాడు. తండ్రి పాదరక్షల తయారీలో ధనం గడించిన వ్యాపారి. ముగ్గురు కొడుకులలో జార్జి చివరివాడు. బడిలో చదువుతున్నప్పుడే నోటుపుస్తకాలనిండా బొమ్మలు గీసేవాడు. చిత్రకళ నేర్వాలని ఆయన కోరిక; కొడుకు కుటుంబ వ్యాపారంలో నిలవాలని తండ్రి పట్టుదల. 1884 లో తండ్రి ఆయనను లండనుకు పంపాడు. ఇంగ్లీషు భాష, వ్యాపారం నేర్చుకొని రమ్మని పంపితే, ఆ యువకుడు ఈజిప్షియన్ హాలులో మాస్కెలిన్ అనే ప్రసిద్ధ ఐంద్రజాలికుని ప్రదర్శనలు చూసి గారడీవిద్యకు దాసుడై తిరిగివచ్చాడు.

1888 లో తండ్రి వ్యాపారంనుంచి విరమించాడు. జార్జి తన వాటాను అన్నలకు అమ్మి, ఆ సొమ్ముతో పారిసులోని రోబేర్ హుడిన్ నాటకశాలను కొన్నాడు. పందొమ్మిదవ శతాబ్దిలో ఐంద్రజాలికులకు గురుస్థానీయుడైన రోబేర్ హుడిన్ నెలకొల్పిన రంగస్థలమది. అక్కడ మెలియేస్ తానే ప్రయోక్త, తానే రచయిత, తానే తెరలు చిత్రించే చిత్రకారుడు. ఆ ఏడెనిమిది సంవత్సరాల రంగానుభవమే తరువాత ఆయన చలనచిత్రాలకు పునాది అయింది.

1895 డిసెంబరు 28 వ తేదీన పారిసులో ల్యూమియేర్ సోదరులు తమ చలనచిత్ర యంత్రాన్ని ప్రజలకు ప్రదర్శించారు. ఆ చూపరులలో మెలియేస్ ఉన్నాడు. యంత్రం అమ్మవలసిందని ఆ సోదరుల తండ్రిని అడిగి, 10,000 ఫ్రాంకులు ఇవ్వజూపినట్లు తరువాత ఆయనే చెప్పుకున్నాడు. వారు అమ్మడానికి నిరాకరించారు. మెలియేస్ నిరుత్సాహపడలేదు. లండనులో రాబర్ట్ పాల్ అనే శిల్పి తయారుచేసిన ప్రదర్శన యంత్రాన్ని కొనితెచ్చి, దాని మర్మం గ్రహించి, అదే సూత్రంతో బొమ్మలు తీసే కెమేరాను స్వయంగా తయారుచేసుకున్నాడు.

1896 లో ఆయన తీసిన మొదటి చిత్రంలో మనుష్యులు బల్లచుట్టూ కూర్చుని పేకాడుతారు. అది ల్యూమియేరులు అంతకుముందే తీసిన చిత్రానికి అనుకరణ. నిజం దాచనక్కరలేదు: తరువాతి కాలంలో చౌర్యానికి గురై దుఃఖించిన ఈ మహాశిల్పి అనుకరణతోనే అక్షరాభ్యాసం చేశాడు. లోకంలో ఏ విద్యార్థి అయినా పై వరవడిమీద దిద్దియే అక్షరాలు నేర్చుకుంటాడు. అయితే జీవితాంతం దిద్దుతూనే ఉన్నవాడు రచయిత కాలేడు. మెలియేస్ ఆ దశను కొద్ది నెలలలోనే దాటాడు.

ఒకనాడు పారిసు వీథిలో చిత్రం తీస్తూ ఉండగా కెమేరా ఆగిపోయిందట. సరిచేసి మళ్ళీ తిప్పేసరికి వీథిలోని బండ్లు, మనుష్యులు మారిపోయారు. ఆ ఫిల్మును తెరమీద చూడగా ప్రయాణికుల బండి చటుక్కున శవవాహనంగా మారినట్లు కనిపించిందట. ఇది ఆయనే చెప్పిన కథ. యథార్థమెంతైనా, కెమేరాను ఆపి వస్తువును మార్చి మళ్ళీ నడిపించే ఉపాయం ఆయన చేతిలో మంత్రదండమైంది. అదే సంవత్సరం తీసిన ఒక చిత్రంలో కుర్చీలో కూర్చున్న స్త్రీ మాయమవుతుంది. ఆ విద్య ఆయన సొంతం కాదు. బువాతియే ద కోల్తా అనే ఐంద్రజాలికుడు రంగస్థలంమీద అంతకుముందే దానిని ప్రసిద్ధం చేశాడు. రంగస్థలంమీద అందుకు నేలలో రహస్యపు తలుపు కావాలి. మెలియేసుకు కెమేరాను ఆపితే చాలు. పైగా మాయమైన స్త్రీ స్థానంలో అస్థిపంజరాన్ని కూర్చుండబెట్టి, మళ్ళీ స్త్రీని రప్పించాడు. వస్తువు పరునిదే అయినా ప్రాణం ఆయనది. ఆనందవర్ధనుని మూడవ తెరగుకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

1897 లో పారిసు శివార్లలోని మొంత్రయ్‌లో గాజుగోడలు, గాజుపైకప్పు గల స్టూడియోను ఆయన నిర్మించుకున్నాడు. సూర్యరశ్మియే అక్కడ దీపం. నక్షత్రాన్ని తన సంస్థకు గుర్తుగా ఎంచుకొని స్టార్ ఫిల్మ్ అని పేరు పెట్టాడు. కథ కల్పించుట, తెరలు చిత్రించుట, వేషం కట్టుట, నటించుట, నటింపజేయుట అన్నీ ఆయన పనులే. పెద్ద కంపెనీల అండలేక తన సొమ్ము, తన చేతులు మాత్రమే నమ్ముకున్న స్వతంత్ర శిల్పి ఆయన. దాదాపు పదిహేడు సంవత్సరాలలో అయిదు వందలకు పైగా చిత్రాలు తీశాడు. వాటిలో అనేకం నిమిషమో రెండు నిమిషాలో నడిచేవి.

1902 లో వెలువడిన చంద్రలోకయాత్ర ఆయన కీర్తికి శిఖరం. పండితులు కొందరు ఫిరంగిగుండులో కూర్చుని చంద్రునిమీదికి పోవడం, ఆ గుండు చంద్రబింబపు కంటిలో దిగబడడం, అక్కడి విచిత్రప్రాణులతో పోరాడి వారు తిరిగి సముద్రంలో పడడం ఇందులోని కథ. జూల్ వెర్న్ నవలలోని ఫిరంగి, అంతకు ముందటేడే వెలువడిన హెచ్. జి. వెల్స్ నవలలోని చంద్రలోకవాసులు, ఓఫెన్‌బాఖ్ సంగీతరూపకంలోని వినోదం ఇందులో కలిసిపోయాయి. కాని చంద్రునికి మనిషి ముఖమిచ్చి కంటిలో గుండు గుచ్చిన ఆ హాస్యచిత్రం మెలియేస్ భావనలో పుట్టింది. ఈ చిత్రం నిడివి 260 మీటర్లు. నడిచే కాలం దాదాపు పావుగంట. మూడు నెలల శ్రమ, 10,000 ఫ్రాంకుల వ్యయం దీనికి పట్టాయి. నాటి చిత్రాలతో పోలిస్తే అది సాహసమే. ఏడేండ్ల క్రితం యంత్రానికి ఇవ్వజూపిన మొత్తాన్నే ఇప్పుడాయన ఒక్క చిత్రానికి వెచ్చించాడు.

చిత్రం అద్భుతమైన జనాదరణ పొందింది. అమెరికాలోనూ ప్రజలు విరగబడి చూశారు. కాని ఆ దేశంలో వసూలైన ధనంలో ఆయనకు ముట్టింది అత్యల్పం. కారణమేమిటో తెలియాలంటే ఆనాటి వ్యాపారపద్ధతి తెలియాలి. అప్పుడు చిత్రాలను అద్దెకు ఇచ్చేవారు కారు. బట్టలు కొలిచి అమ్మినట్లు ఫిల్మును నిడివినిబట్టి అమ్మేవారు. ఎవరైనా ఒక ప్రతి కొంటే, దానిని కొత్త ఫిల్ముతో చేర్చి వెలుతురు చూపి నెగటివు తయారుచేయవచ్చు. ఆ నెగటివునుంచి ఎన్ని ప్రతులైనా దిగుతాయి. బొమ్మ కొంత మసకబారుతుంది. లాభం మాత్రం మసకబారదు. ఎడిసన్, లూబిన్, సెలిగ్, వైటాగ్రాఫ్ వంటి అమెరికా సంస్థలు ఇట్లా చంద్రలోకయాత్రను నకలు చేసి అమ్ముకున్నాయి. లూబిన్ దానికి అంగారకయాత్ర అని పేరు మార్చికూడా అమ్మాడు. ఆనందవర్ధనుడు చెప్పిన ప్రతిబింబమంటే సాక్షాత్తూ ఇదే.

ఇందులో చట్టం ఏమి చేసిందని అడగవచ్చు. 1886 నాటి బెర్న్ ఒడంబడిక గ్రంథకర్తల హక్కులను దేశదేశాల మధ్య కాపాడడానికి ఏర్పడింది. అప్పటికి చలనచిత్రమే పుట్టలేదు. 1908 లో బెర్లినులో ఆ ఒడంబడికను సవరించినప్పుడు గాని చలనచిత్రం అందులో ప్రవేశించలేదు. అమెరికా మరి ఎనభై సంవత్సరాలకు, అంటే 1989 లో గాని ఆ ఒడంబడికలో చేరలేదు. అమెరికాలో 1891 నుంచి విదేశీయులకు కాపీరైటు పొందే వీలు కలిగినా, అక్కడి పద్ధతి ప్రకారం రచనను నమోదు చేయించి ప్రతులు దాఖలు చేసినవారికే ఆ రక్షణ. చంద్రలోకయాత్రకు ఆ నమోదు జరగలేదు. కనుక న్యాయం మెలియేస్ పక్షాన ఉన్నా చట్టం ఆయన పక్షాన లేదు. న్యాయానికీ చట్టానికీ మధ్య ఇట్లాంటి అగాధాలు ఏర్పడినప్పుడల్లా అందులో పడేవాడు శ్రమించినవాడే.

ఇక్కడొక వింత జరిగింది. ఎడిసన్ సంస్థ తీసిన ఒక చిత్రాన్ని లూబిన్ నకలు చేయగా ఎడిసన్ న్యాయస్థానానికి వెళ్ళాడు. ఫిల్ములోని ప్రతి బొమ్మకూ విడివిడిగా కాపీరైటు తీసుకోవాలని లూబిన్ వాదం. క్రింది న్యాయస్థానం ఆ వాదాన్ని అంగీకరించింది. 1903 ఏప్రిలులో పై న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చి, చిత్రమంతా ఒక్క ఛాయాచిత్రంతో సమానమని, ఒక్క నమోదు చాలునని నిర్ణయించింది. మెలియేస్ చిత్రాన్ని నకలు చేసిన సంస్థయే తన చిత్రానికి రక్షణ కోరడం విడ్డూరమైనా, ఆ తీర్పు చలనచిత్రకారులందరికీ ఉపకరించింది.

అదే సంవత్సరం మెలియేస్ తన అన్న గాస్టనును న్యూయార్కుకు పంపి అక్కడ శాఖ తెరిపించాడు. నకలుదారులమీద చర్య తీసుకుంటామని కేటలాగులోనే హెచ్చరిక ముద్రించారు. రెండు కటకాలు గల కెమేరాతో ఒకేసారి రెండు నెగటివులు తీసి, ఒకటి పారిసులో ఉంచి, రెండవది అమెరికాకు పంపే ఏర్పాటు చేశాడు. దొంగలు పేరు తుడిచివేయకుండా రంగాలంకరణలోనే తన నక్షత్రచిహ్నాన్ని ఇమిడ్చాడు. మన పదకర్తలు కీర్తన చివరిపాదంలో ముద్రను పొదిగినట్లుగా ఉంది ఈ ఉపాయం. చలనచిత్రాలకంటూ అమెరికా చట్టంలో అప్పటికి ప్రత్యేక స్థానం లేదు; 1912 లో గాని అది కలుగలేదు. కనుక నాటి నిర్మాతలు ఫిల్ములోని బొమ్మలన్నింటినీ పొడవైన కాగితపు చుట్టలమీద ముద్రించి, ఛాయాచిత్రాలుగా వాషింగ్టనులోని జాతీయ గ్రంథాలయంలో దాఖలు చేసేవారు. మెలియేస్ సంస్థయు ఆ మార్గమే అనుసరించింది.

మెలియేస్ పతనానికి చౌర్యమొక్కటే కారణమని చెప్పడం సత్యానికి అపచారం. నకళ్ళ బెడద కొంత తగ్గిన తరువాత కూడా ఆయన నష్టపోయాడు. చిత్రనిర్మాణం పెద్ద కంపెనీల పరిశ్రమగా మారింది. 1909 లో పారిసులో జరిగిన నిర్మాతల మహాసభకు ఆయనే అధ్యక్షుడు. ఇకపై ఫిల్ములను అమ్మరాదని, అద్దెకే ఇవ్వాలని ఆ సభ తీర్మానించింది. ఊరూరా తిరిగే సంతల ప్రదర్శకులు ఆయనకు ముఖ్యమైన ఖాతాదారులు. ఈ కొత్త కట్టుబాట్లు వారికి అనుకూలం కాలేదు. ప్రజల అభిరుచీ మారింది. మెలియేస్ మాత్రం తన పాత మాయాలోకాన్ని విడువలేదు. 1911 లో పాథే సంస్థతో ఒప్పందం చేసుకొని, ఇల్లు, స్టూడియో తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చాడు. ఆ సొమ్ముతో తీసిన ధ్రువయాత్ర 1912 లో వెలువడి విఫలమైంది. విదేశాలలో గాస్టన్ తలపెట్టిన చిత్రనిర్మాణమూ నష్టాలనే మిగిల్చింది. 1913 లో భార్య మరణించింది. తరువాత ఆయన మళ్ళీ చిత్రం తీయలేదు.

ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన ముఖ్యమైన స్టూడియో క్షతగాత్రులకు ఆసుపత్రి అయింది. నాలుగు వందలకు పైగా చిత్రాల ప్రతులను సైన్యం స్వాధీనం చేసుకొని కరిగించింది. వాటిలోని వెండిని తీసుకొని, మిగిలిన పదార్థాన్ని బూట్ల మడమలకు వాడారు. తండ్రి పాదరక్షల వ్యాపారంనుంచి కళలోకి పారిపోయిన కుమారుని కళ చివరకు పాదరక్షలలోకే చేరింది. 1923 లో రోబేర్ హుడిన్ నాటకశాలను వీథి విస్తరణకై పడగొట్టారు. ఆ యేటనే మొంత్రయ్ ఆస్తి పరాధీనమైంది. తన నెగటివులను దాచుకొనే చోటు లేక, దుఃఖమూ ఆగ్రహమూ ముంచుకొని రాగా, మెలియేస్ వాటిని తన చేతులతోనే తగులబెట్టాడు.

1925 లో ఆయన ఒకనాటి తన నటి జెహాన్ దాల్సీని వివాహమాడాడు. పూర్వం కుర్చీలోనుంచి మాయమైన స్త్రీ ఆమెయే. దంపతులు పారిసులోని మోంపర్నాస్ రైలుస్టేషనులో బొమ్మలు, మిఠాయిలు అమ్మే చిన్న అంగడి నడిపారు. చంద్రుని చూపినవాడు పిల్లలకు చెక్కబొమ్మలు అమ్ముతున్నాడని దారిన పోయేవారెవరికీ తెలియదు. ఆ దశలో ఒక పత్రికాసంపాదకుడు ఆయనను గుర్తించి లోకానికి తెలిపాడు. 1929 డిసెంబరులో పారిసులో ఆయన గౌరవార్థం ఉత్సవం జరిగింది. 1931 లో ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమిచ్చింది. ఆ పతకాన్ని అందించినవాడు లూయీ ల్యూమియేర్. 1932 నుంచి ఓర్లీలోని వృద్ధకళాకారుల నివాసంలో భార్యతోను, మనుమరాలితోను గడిపి, 1938 జనవరి 21 వ తేదీన మెలియేస్ కన్నుమూశాడు.

ఆయన చిత్రాలలో నేడు రెండు వందలకు పైగా మిగిలి ఉన్నాయి. లోకానికి విక్రయించిన ప్రతులు ఎక్కడెక్కడో మిగలడంవల్ల కొన్ని దక్కాయి. కాపీరైటుకోసం వాషింగ్టనులో దాఖలైన కాగితపు చుట్టలను తరువాతికాలంలో మళ్ళీ ఫిల్ముమీదికి ఎక్కించడంవల్ల కొన్ని దక్కాయి. చేతితో రంగులద్దిన చంద్రలోకయాత్ర ప్రతి ఒకటి 1993 లో స్పెయినులో దొరకగా, నిపుణులు ఏండ్ల తరబడి శ్రమించి దానిని పునరుద్ధరించారు. 2011 లో కాన్ చిత్రోత్సవంలో అది ప్రదర్శితమైంది. కర్త తగులబెట్టినదానిని లోకం దాచుకున్నది. ఇందులో ఒక గంభీరమైన సత్యమున్నది. కృతిమీద కర్తకు హక్కున్నది. లోకానికీ కొంత హక్కున్నది. అందుచేతనే కర్తృస్వామ్యానికి చట్టాలు కాలపరిమితిని విధించాయి. ఆ గడువు తీరిన కృతి అందరి సొత్తు.

కాకతాళీయమే అయినా చెప్పదగిన విషయమొకటున్నది. 1957 లో మన పార్లమెంటు చేసిన కాపీరైటు చట్టం సరిగా మెలియేస్ ఇరవయ్యవ వర్ధంతినాడు, 1958 జనవరి 21 వ తేదీన, అమలులోకి వచ్చింది. చలనచిత్రానికి, ధ్వనిముద్రణకు నేడది వెలువడిన తరువాత 60 సంవత్సరాల రక్షణ ఇస్తున్నది. అదే చట్టంలోని 52 వ విభాగం సమాజానికి తలుపు కొంత తెరిచి ఉంచింది. స్వంత అధ్యయనానికి, విమర్శకు, సమీక్షకు, వర్తమాన ఘటనలను తెలపడానికి పరకృతిని న్యాయంగా వినియోగించవచ్చు. బోధనలో భాగంగా గురుశిష్యులు వాడుకొనడానికీ, విద్యాలయంలో అక్కడి ఉపాధ్యాయులు, విద్యార్థులు, తలిదండ్రులు మాత్రమే చూపరులుగా చిత్రం ప్రదర్శించడానికీ అవకాశమున్నది. తరగతిగదికి ఇచ్చిన ఈ వెసులుబాటు బజారుకు ఇచ్చినది కాదన్న విషయం మరువరాదు. 1978 లో మన సర్వోన్నత న్యాయస్థానం భావానికి కాపీరైటు లేదని, దానిని వ్యక్తీకరించిన తీరుకే ఉన్నదని ఒక నాటకానికి, చలనచిత్రానికి మధ్య వచ్చిన వివాదంలో స్పష్టం చేసింది. చంద్రుని దగ్గరకు పోవాలన్న ఊహ ఎవరి సొత్తూ కాదు. మెలియేస్ చూపిన ఆ యాత్ర ఆయన సొత్తు.

నేడు చిత్రం తీయబోయే విద్యార్థి ముందుగా తనను తాను అడుగవలసిన ప్రశ్న ఒకటే. నేను తీసుకున్నది ఇక్కడ నా చేతిలో మరొక ప్రాణం పొందినదా, లేక అద్దంలోని ప్రతిబింబంగానే మిగిలినదా? దానికి నిజాయితీగా జవాబు చెప్పుకొని, ఎవరినుంచి గ్రహించాడో వారి పేరు చెప్పి, తన కృతికి తన ముద్ర వేసుకొని, ఎప్పుడు తీసినదో వ్రాసి భద్రపరచుకొన్న విద్యార్థి చట్టం ముందూ, తన మనస్సు ముందూ తలెత్తుకొని నిలువగలడు. చలనచిత్రకళ శైశవంలో ఈ జాగ్రత్తలు నేర్పేవారు మెలియేసుకు లేరు. ఆయన వాటిని ఒక్కొక్కటే నష్టపడి నేర్చుకున్నాడు. ఆ నష్టం మనకు పాఠంగానైనా ఉపకరిస్తే, మోంపర్నాస్ అంగడిలోని ఆ వృద్ధుని ఋణం కొంతైనా తీర్చుకున్నవారమవుతాము.